బాల విజ్ఞాన సాహిత్యం: ఫలితమూ, పద్ధతీ

తెలుగులో పిల్లల కోసం వస్తున్న విజ్ఞాన రచనలను మన విమర్శ ఇంతవరకూ సాహిత్యంగా పరిగణించలేదు. కవితలో ఒక ప్రతీక గురించి పేజీలకు పేజీలు రాసే విమర్శకులు, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లవాడి సైన్సు పుస్తకంలో వాక్యం ఎలా నడుస్తున్నదో పట్టించుకోరు. అది ఉపాధ్యాయుల పని అనో, శాస్త్రజ్ఞుల పని అనో వదిలేస్తారు. కాని ఆ వయసు పిల్లవాడు చదివే తెలుగు వచనంలో పాఠ్యపుస్తకాల వచనమే ఎక్కువ. లోకాన్ని గురించి ఒక మాట చెప్పేటప్పుడు దానికి ఆధారం చూపించాలా అక్కరలేదా అన్న సంగతి, తెలియకుండానే, వాడు ఆ వచనం నుంచి నేర్చుకుంటాడు. ఇది సాహిత్యానికి సంబంధించిన విషయం కాదని ఎలా అనగలం?

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన బాల విజ్ఞాన సాహిత్యం విజ్ఞానశాస్త్ర ఫలితాలను చెప్పినంతగా దాని పద్ధతిని చెప్పలేదు. ఫలితం చెప్పడం వేరు, ఆ ఫలితం దగ్గరికి మనిషి ఎలా చేరాడో చెప్పడం వేరు. మొదటిది పిల్లవాడికి పాత నమ్మకం స్థానంలో కొత్త నమ్మకాన్ని ఇస్తుంది. రెండోది ఏ నమ్మకాన్నయినా పరీక్షించే సాధనాన్ని ఇస్తుంది. అభ్యుదయ రచయితలు కోరుకోవలసింది రెండోదే అయినా, మన రచనల్లో అధిక భాగం మొదటిదాని దగ్గరే ఆగిపోయాయి. ఇందుకు కారణం రచయితల ఉద్దేశంలో లేదు. వారు ఎంచుకున్న రూపంలో ఉన్నది.

ఈ మాట అనేటప్పుడు మన వెనక ఉన్న కృషిని తక్కువ చెయ్యకూడదు. వీరేశలింగం 'పదార్థ వివేచక శాస్త్రము', 'జంతు స్వభావ చరిత్రము' రాశారు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి, చరిత్ర గ్రంథాలతో పాటు ప్రకృతి శాస్త్రాలను కూడా తెలుగు పాఠకుడి ముందుకు తెచ్చింది. మాస్కోలో తెలుగు అనువాదకుడుగా పనిచేసిన ఉప్పల లక్ష్మణరావు స్వయంగా వృక్షశాస్త్రజ్ఞుడు. విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో చవకగా దొరికిన సోవియట్ పుస్తకాలు ఒక తరం పిల్లలకు భౌతికశాస్త్రాన్ని ఇంటి వస్తువుల్లో చూపించాయి. భౌతికశాస్త్రం చదివిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా 'చందమామ' బాధ్యత మోశారు. మహీధర నళినీమోహన్ 'క్యాలెండర్ కథ', 'పిడుగు దేవర కథ' వంటి పుస్తకాలు రాశారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికను పిల్లల చేతికిచ్చింది.

ఈ పరంపరలో నళినీమోహన్ తన పుస్తకాలకు 'కథ' అని పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. క్యాలెండరు చరిత్ర అంటేనే లెక్క తప్పడం, తప్పును గుర్తించడం, దిద్దుకోవడం. 1582లో అక్టోబరు 4 మర్నాడు అక్టోబరు 15 అని ప్రకటించవలసి వచ్చింది. అంతకుముందు వాడుకలో ఉన్న లెక్క సూర్యుడితో సరిపోలేదు. అటువంటి వస్తువును తీసుకుంటే పద్ధతి దానంతటదే కథలోకి వస్తుంది. కాని ఈ మార్గంలో నడిచినవారు తక్కువ. ఎక్కువమంది 'వింతలు, విశేషాలు' మార్గం పట్టారు. ఆ మార్గంలో విజ్ఞానం కూడా ఒక ఇంద్రజాలమే.

ఈ తేడా ఎంతటిదో ఒక్క ఉదాహరణతో చూద్దాం. అది మన హైదరాబాదుకు చెందిన ఉదాహరణే.

మలేరియా దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ కనుగొన్నాడని పిల్లలంతా చదువుతారు. వాక్యం తప్పు కాదు. పరీక్షలో దానికి మార్కు వస్తుంది. కాని ఆ వాక్యంలో విజ్ఞానశాస్త్రం ఎంత ఉన్నది? జరిగింది వేరు. రాస్ 1895లో సికిందరాబాదు వచ్చేనాటికి అతని దగ్గర ఉన్నది పాట్రిక్ మాన్సన్ చెప్పిన ఒక ఊహ మాత్రమే. జ్వరరోగి రక్తంలోని క్రిమి దోమలోకి పోతుంది, ఆ దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు తాగినవారికి జ్వరం వస్తుంది అనేది ఆ ఊహ. రాస్ దాన్ని నమ్మి, అలాంటి నీళ్లు మనుషులకు తాగించి కూడా చూశాడు. ఊహ నిలబడలేదు. రెండేళ్లపాటు దోమల్ని కోసి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఏమీ కనబడలేదు. అతను చూస్తున్నవి వేరే జాతుల దోమలు. చివరకు రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో అలాంటి ఒక దోమ పొట్ట గోడలో అతను వెతుకుతున్న కణాలు కనబడ్డాయి. అప్పటికీ కథ పూర్తి కాలేదు. దోమకాటు ద్వారానే క్రిమి వ్యాపిస్తుందని 1898లో కలకత్తాలో పక్షుల మీద చూపించాడు. మనుషుల విషయంలో ఎనాఫిలిస్ దోమ పాత్రను అదే సంవత్సరం ఇటలీ శాస్త్రజ్ఞులు నిరూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం వచ్చింది.

ఇంత కథనూ ఒక్క వాక్యంగా కుదించినప్పుడు పోయినవేమిటి? తప్పిపోయిన ఊహ పోయింది. ఫలితం లేని రెండేళ్ల శ్రమ పోయింది. ఒకరు మొదలుపెట్టింది మరొకరు పూర్తిచెయ్యడం పోయింది. హుస్సేన్ ఖాన్ కూడా పోయాడు. నోబెల్ బహుమానం ఎవరికి వచ్చిందో, అణాలు ఎవరికి వచ్చాయో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం పోయింది. మిగిలింది ఒక మహాపురుషుడూ, ఒక సత్యమూ. మహర్షికి తపస్సులో వేదం కనిపించినట్టుగా శాస్త్రజ్ఞుడికి ప్రయోగశాలలో సత్యం కనిపించిందన్న మాట! పేర్లు మారాయేగాని పురాణం నడక మారలేదు.

మూఢనమ్మకాలను ఖండించే మన కథలలోనూ ఇదే నడక కనిపిస్తుంది. ఊళ్లో ఒక భయం ఉంటుంది. పట్నంలో చదివిన యువకుడు వస్తాడు. 'అదంతా మూఢనమ్మకం' అని ఒక చిన్న ఉపన్యాసం ఇస్తాడు. ఊరు సిగ్గుపడుతుంది. కథ ముగుస్తుంది. ఇందులో యువకుడు ఏం పరీక్షించాడు? ఏమీ లేదు. మంత్రగాడు ఏ అధికారంతో మాట్లాడాడో, యువకుడూ అదే అధికారంతో మాట్లాడాడు. ఊరివాళ్లు ఒకరి మాట వదిలి మరొకరి మాట పట్టుకున్నారు. రేపు ఇంతకంటే గట్టిగా మాట్లాడేవాడు వస్తే అతని మాట పట్టుకుంటారు. కథాంతంలో ఎర్ర సూర్యుణ్ణి ఉదయింపజేసే మన పాత అలవాటుకూ దీనికీ దగ్గర చుట్టరికం ఉన్నది. రెండు చోట్లా జరగవలసిన ఘర్షణ జరగకుండానే ముగింపు వస్తుంది.

1995 సెప్టెంబరు 21న దేశమంతటా వినాయక విగ్రహాలు పాలు తాగాయన్న ప్రచారం జరిగింది. ఆ తరువాత పత్రికలలో వచ్చిన వివరణల్లో 'తలతన్యత', 'కేశనాళికత' అన్న మాటలు మారుమోగాయి. ఆ మాటలు సరైనవే. కాని వాటిని బట్టీపట్టిన పిల్లవాడికి 'మహిమ' అన్న మాట బదులు 'తలతన్యత' అన్న మాట దొరికింది, అంతే. ఆనాడు శాస్త్రజ్ఞులు చేసిన అసలు పని మరొకటి. పాలలో రంగు కలిపారు. విగ్రహం మీద సన్నటి పొరగా జారిపోతున్న పాలు రంగు వల్ల కంటికి కనిపించాయి. పాలు ఎక్కడికి పోతున్నాయని అడగడం, పోయే దారి కనబడేట్టు ఒక ఉపాయం చెయ్యడం, చూడడం! పద్ధతి అంతా ఆ చిటికెడు రంగులో ఉన్నది. పదకొండేళ్ల పిల్ల కూడా చెయ్యగలిగిన పని అది. దాని మీద ఒక మంచి పిల్లల కథ నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇదంతా పుస్తకాల మీద కూచుని అల్లిన వాదం కాదు. ఉప్పల్ దాటి వరంగల్ రహదారి మీద పోతే పోచారం వస్తుంది. ఇన్ఫోసిస్ ప్రాంగణమూ, పాత ఊరూ పక్కపక్కనే ఉంటాయి. అక్కడ కొంతకాలంగా ఆదివారాలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలతో కలిసి పుస్తకాలు చదువుతున్నాను. తండ్రులు కొందరు ఆటోలు నడుపుతారు, కొందరు నాచారం, ఉప్పల్ ఫ్యాక్టరీలకు పోతారు. ఒకరోజు పైన చెప్పిన తరహా కథ ఒకటి చదివాం. ఆటోకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టడం తప్పని అందులో హీరో చెబుతాడు. కథ అయిపోయాక ఏడో తరగతి అమ్మాయి అడిగింది: "తప్పని ఆయనకెట్ల తెలిసింది సార్?"

ఆ ప్రశ్నకు కథలో జవాబు లేదు. అయితే ఎలా తెలుసుకోవచ్చో మీరే చెప్పండి అన్నాను. "కట్టిన ఆటోలకు ఎన్ని యాక్సిడెంట్లయినయో, కట్టనియాటికి ఎన్నయినయో లెక్కవెట్టాలె" అన్నాడొకడు. అందరూ ఒప్పుకున్నారు. అంతలో వెనకనుంచి ఒక పిల్లవాడు, "అట్ల కాదు సార్, కొత్త ఆటో కొన్నోళ్లే నిమ్మకాయలు కడ్తరు. కొత్తదానికి బ్రేకులు మంచిగుంటయి. మా నాయినది పాతది, కట్టడు" అన్నాడు. అంటే కట్టినవాటికి ప్రమాదాలు తక్కువని తేలినా అది నిమ్మకాయ వల్లనో, బ్రేకుల వల్లనో చెప్పలేం. కొత్తవాటిని కొత్తవాటితో, పాతవాటిని పాతవాటితో పోల్చాలి. కళాశాలల్లో పెద్ద పేర్లతో చెప్పే సూత్రాన్ని ఆ పిల్లవాడు తన తండ్రి ఆటోలోంచి తీశాడు. కాని లెక్క తేలలేదు. తేల్చడానికి కావలసిన సంఖ్యలు మా దగ్గర లేవు. 'ఇంకా తెలియదు' అని రాసుకుని లేచాం.

మన పిల్లల సాహిత్యంలో 'ఇంకా తెలియదు' అని ముగిసే రచనలు ఎన్ని ఉన్నాయి? ముగింపు లేని కథకు మనం భయపడతాం. పిల్లలకు ధైర్యం చెప్పాలి గనక చివర సత్యం గెలిచి తీరాలంటాం. కాని విజ్ఞానశాస్త్రంలో నిజాయితీ అయిన ముగింపు చాలాసార్లు అదే. ఈ విషయంలో 'చందమామ' బేతాళ కథలు మన శాస్త్రీయ కథల కంటే ఒక అడుగు ముందున్నాయంటే కొందరికి కష్టంగా ఉండవచ్చు. శవంలోని బేతాళుడు చెప్పే కథ అశాస్త్రీయమే. కాని అది ప్రశ్నతో ఆగుతుంది, రాజు కారణం చెప్పి తీరాలి, చదివే పిల్లవాడు ఆ కారణంతో మనసులో పోట్లాడవచ్చు. బేతాళుడు అడగనిది ఒక్కటే: ఆధారం. అతని ప్రశ్న ధర్మాధర్మాల గురించి, లోకంలోకి వెళ్లి చూసి రావలసిన విషయం గురించి కాదు. ఆ ఒక్కటి చేర్చగల రచయిత మనకు కావాలి.

ఇక భాష విషయం. పోచారం పిల్లలు 'మర్రిచెట్టు కాడ దయ్యం ఉన్నదంట' అంటారు. 'నువ్వు చూసినవా' అంటే, 'లే సార్, ఉన్నదంట' అని ఆ చివరి అక్షరాలను ఒత్తి పలుకుతారు. ఈ 'అంట', కోస్తాలో 'అట', మన భాషలోని గొప్ప సాధనం. మాట్లాడేవాడు తాను చూసినదానికీ విన్నదానికీ మధ్య గీత గీస్తున్నాడు. 'కాబోలు', 'ఏమో', 'లాగుంది', 'అయి ఉండాలి' కూడా అలాంటివే. ఊహ ఎంత గట్టిదో, ఎంత బలహీనమో ఇవి కొలిచి చెబుతాయి. బడికి వెళ్లని అవ్వ కూడా ఈ తేడాలను తప్పకుండా పాటిస్తుంది. మన విజ్ఞాన వచనం మాత్రం వీటన్నిటినీ తుడిచేసి 'అని తెలుస్తున్నది', 'అని ఋజువగుచున్నది' అనే రాతివాక్యాలను పెట్టింది. ఎవరికి తెలుస్తున్నది? ఎలా ఋజువయింది? ఆ వాక్యంలో కర్త లేడు, కాబట్టి అడగడానికి మనిషి లేడు.

నిజానికి ఆ పిల్లవాడి వరకు దయ్యమూ, మలేరియా దోమా రెండూ 'అంట'లే. రెండింటినీ వాడు చూడలేదు. కాని ఒక తేడా ఉన్నది. దయ్యపు 'అంట'కు మొదలు లేదు, ఎవరు చూశారంటే వేలు మరొకరి వైపు పోతుంది. దోమ 'అంట'కు మనిషి ఉన్నాడు, తేదీ ఉన్నది, బేగంపేటలో భవనం ఉన్నది, ఏం చేసి చూశాడో రాసి ఉన్నది, ఇష్టమైతే మళ్లీ చేసి చూసుకునే దారి ఉన్నది. ఈ తేడాను పిల్లవాడికి అందించడమే పద్ధతిని నేర్పడం. ఇందుకు ఏ ప్రయోగశాలా అక్కరలేదు. సరైన వాక్యం కావాలి. అది రచయిత పని.

దీనిమీద రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: ఈ సంగతులన్నీ పాఠ్యపుస్తకాల్లోకి ఎప్పుడో వచ్చాయి కదా అని. నిజమే. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన కొత్త సైన్సు పుస్తకాలు 'కృత్యం' అనే పేరుతో పిల్లల చేత పని చేయించాలని చూశాయి. 'ప్రశ్నించడం, పరికల్పనలు చేయడం' అనే దాన్ని ఒక విద్యాప్రమాణంగా పెట్టాయి. ఆ పుస్తకాలు తయారుచేసినవారి ఆలోచన మెచ్చుకోదగింది. కాని పరీక్ష మారలేదు. 'ఈ విషయం గురించి నీవు ఏ ప్రశ్నలు అడుగుతావు' అని పరీక్షలో అడిగితే, అడగవలసిన ప్రశ్నలను కూడా గైడులు అచ్చువేసి ఇచ్చాయి. పిల్లలు జవాబులతో పాటు ప్రశ్నలను కూడా బట్టీపట్టారు!

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా అనుభవం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1972లో 16 గ్రామీణ మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన ఆ కార్యక్రమంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు చవక సామగ్రితో తామే ప్రయోగాలు చేశారు. 'బాల వైజ్ఞానిక్' అనే వారి పుస్తకం జవాబులు చెప్పేది కాదు, చూసింది రాసుకోమనేది. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోనిచ్చారు, చేత్తో చేసే పరీక్ష కూడా పెట్టారు. ఆరేళ్లలో అది జిల్లా మొత్తానికి వ్యాపించింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. పేదల బడిలో పద్ధతి నేర్పడం సాధ్యం కాదని ఎవరైనా అంటే ఆ ముప్పై ఏళ్లే జవాబు. దాన్ని కాపాడుకునే బలం బడి గోడల మధ్యే పుట్టదన్నది కూడా ఆ చరిత్ర చెబుతున్నది. బయట దాన్ని కోరుకునే పాఠకులు ఉండాలి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. అన్నిటినీ ప్రశ్నించమంటే పిల్లలు టీకాను కూడా ప్రశ్నిస్తారు, భూమి బల్లపరుపు అనేవాడు కూడా 'ప్రశ్నిస్తున్నాను' అనే అంటాడు అని. కోవిడ్ రోజుల్లో ఇది చూశాం. కాని అక్కడ జరిగింది సగం పద్ధతే. ప్రశ్న వేసి, జవాబు వచ్చాక లేచిపోవడం పద్ధతి కాదు. ఏ ఆధారం కనిపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటానో ముందే చెప్పడం, అది కనిపించినప్పుడు తీసుకోవడం అందులో రెండో సగం. సందేహించే హక్కుతో పాటు ఒప్పుకునే బాధ్యత కూడా నేర్పాలి. ఒప్పుకోవడాన్ని ఓటమిగా చిత్రించే మన కథాసంప్రదాయం ఇక్కడ కూడా మారాలి.

ఇది సాహిత్యంలో సూక్ష్మాంశాల చర్చ మాత్రమే కాదు. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి నెపం మీద మనుషులను కొట్టి చంపిన వార్తలు మనం చదువుతూనే వచ్చాం. పక్కింటి ఆమె చూసి వెళ్లింది, మర్నాడు బిడ్డకు జ్వరం వచ్చింది. 'తరువాత' వచ్చినదాన్ని 'అందువల్ల' వచ్చినదిగా తీసుకోవడమే ఆ హత్యలకు తర్కం. ఆ గుంపులో బడికి వెళ్లినవారు లేరనుకోవడం భ్రమ. మలేరియా మీద వాక్యం వారికీ నోటికి వచ్చు. కొత్త బ్రేకులను చూసి నిమ్మకాయను అనుమానించిన పోచారం పిల్లవాడి చూపు మాత్రం వారికి ఎవరూ ఇవ్వలేదు.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధుల్లో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ఒకటి. ఉప్పల్ రోడ్డు మీది సీసీఎంబీకి తొలి డైరెక్టరు పుష్పమిత్ర భార్గవ 1981 నాటి శాస్త్రీయ దృక్పథ ప్రకటనలో ప్రముఖ పాత్ర వహించారు. 2023లో పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి పరిణామ సిద్ధాంతాన్ని ఎన్‌సీఈఆర్‌టీ తొలగించినప్పుడు దేశంలోని 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు నిరసన తెలిపారు. ఆ నిరసన న్యాయమైనది. కాని పరిణామ సిద్ధాంతాన్ని ఒక జవాబుగా మాత్రమే చదివిన విద్యార్థికి అది పోతే పోయిందేమిటో తెలియదు. చదవవలసిన పాఠం ఒకటి తగ్గిందని సంతోషిస్తాడు.

కాబట్టి మన రచయితలను, విమర్శకులను కోరేది ఇది. పిల్లల విజ్ఞాన పుస్తకాన్ని కథాసంపుటిని సమీక్షించినట్టే సమీక్షించండి. రచయిత చూసిందేది, విన్నదేది, ఊహించిందేది అని వాక్యం వాక్యం దగ్గర అడగండి. పరిశోధన చేసే విద్యార్థులకు వీరేశలింగం నుంచి 'చెకుముకి' దాకా ఈ వచనం నడిచిన దారి మంచి పరిశోధనాంశం, దాన్ని చేపట్టండి. కథకులు పాలలో రంగు కలిపిన రోజు గురించి రాయండి, లెక్క తేలని కథ రాయండి. బేగంపేట ఆసుపత్రిలో అణాకొక దోమ చొప్పున కుట్టించుకున్న హుస్సేన్ ఖాన్ వైపు నుంచి ఆ ఆగస్టు నెలను రాయండి. పన్నెండేళ్ల పిల్లవాడికి అర్థమయ్యే తెలుగులో అలాంటి పది కథలు వస్తే, వాటిని అచ్చువేసి బడిబడికీ చేర్చే పని సంఘం చేపట్టవచ్చు.